ఆగిన యంత్రము – ఆరని సాధన

నిత్యము చేయుచున్న సత్కార్యము ఒకనాడు ఆగిపోయినచో, అంతకు ముందు చేసినదంతయు వ్యర్థమగునా? ఏండ్ల తరబడి ఆగినది మరల సాగునా? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. దీని భారమును మోయువారు ప్రతి ఊరిలోను కలరు. బాల్యమున తాతగారి ప్రక్కన కూర్చుండి తిరుప్పావై నేర్చి, ఉద్యోగరీత్యా దూరదేశము పోయి మరచినవారు కలరు. ఏటేట కాలినడకన తిరుమల కొండ నెక్కు నియమమును ఒక కష్టకాలమున విడిచి, మరల అలిపిరి మెట్టుపై కాలు మోపుటకు సిగ్గుపడువారు కలరు. వీరిని బాధించునది కేవలము సోమరితనము కాదు. “ఇన్నేండ్లు మానినవాడను, ఇప్పుడేమని స్వామి ముందు నిలువగలను?” అను సంకోచమే వీరి కాళ్లకు సంకెల.

ఈ సంకోచమునే అర్జునుడు కురుక్షేత్రమున భగవానుని ముందుంచెను. శ్రద్ధ కలిగియు సాధన మధ్యలో జారిపోయినవాడు, గాలికి చెదరిన మేఘము వలె, ఇహమునకును పరమునకును కాకుండ నశించునా యని గీత ఆరవ అధ్యాయమున అతడు ప్రశ్నించెను. మంచి చేసినవాడెవ్వడును దుర్గతి పొందడనియు, పూర్వాభ్యాసమే అతనిని తెలియకుండగనే ముందునకు లాగుననియు భగవానుడు అభయమిచ్చెను. అభయము స్పష్టమే. కాని తిరిగి వచ్చు దారి ఎట్టిది? ఆ దారిలో చేయదగినదేమి, చేయరానిదేమి? దీనిని గ్రహించుటకు నదీతీరమున కట్టివేయబడిన ఒక పడవ ఇంజనును పరిశీలించిన చాలును.

రాజమహేంద్రవరము నుండి లాంచీలో గోదావరికి ఎదురేగి భద్రాద్రి రాముని సేవించిన పాత తరము యాత్రికులకు ఆ ఇంజను చప్పుడు సుపరిచితమే. అట్టి పడవ ఒకటి ఏ కారణము చేతనో రేవులో నిలిచిపోయినదనుకొందురు గాక. అయిదేండ్లు గడచినవి. పైకి చూచినచో ఇంజను ఎక్కడిదక్కడే యున్నది. లోపల మాత్రము మార్పు జరుగుచునే యుండును. నడచునప్పుడు సిలిండరు గోడలను, పిస్టను రింగులను సన్నని నూనెపొర కాపాడుచుండును. ఆగిన పిదప ఆ నూనె మెల్లమెల్లగా క్రిందికి జారిపోవును. నదిమీది తేమగాలి పొగగొట్టము ద్వారా లోనికి ప్రవేశించి ఉక్కును తాకును. రింగులకును గోడకును నడుమ తుప్పు పుట్టి, ఆ రెంటిని ఒకటిగా బిగించివేయును. సగము నిండిన డీజిలు తొట్టిలో రాత్రి చల్లదనమునకు ఆవిరి నీరై క్రిందికి దిగును. ఆ నీటికిని డీజిలుకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి జిగట మడ్డిగా మారును. నీటి పంపులోని రబ్బరు చక్రము ఎండి, బిరుసెక్కి, పగుళ్లు తీయును. ఎవరును కొట్టలేదు, విరుగగొట్టలేదు. కేవలము వాడకపోవుటయే ఇంత పని చేసినది.

ఇప్పుడు యజమానికి పడవ కావలసి వచ్చినది. ఆతురతతో క్రొత్త బ్యాటరీ తెచ్చి మీట నొక్కును. ఇంజను కదలదు. బలమైన ఇనుపకడ్డీతో చక్రమును త్రిప్పించును. రింగులు విరుగును. పొగగొట్టము గుండ దిగిన నీరు పిస్టను మీద నిలిచియున్నచో, నీరు అణగునది కాదు గనుక కనెక్టింగు రాడ్డే వంగిపోవును. ఒకవేళ అదృష్టవశమున ఇంజను కదలినను, నూనె యింకను చేరని బేరింగులు ఆ మొదటి క్షణములలోనే గీచుకొనిపోవును. అయిదేండ్ల నిశ్చలత చేయలేని నష్టమును అయిదు నిమిషముల తొందరపాటు చేయును. ఇది గమనింపదగిన విశేషము. ఆగిన యంత్రమునకు తుప్పు కంటె అసహనమే పెద్ద శత్రువు.

అనుభవము గల మేస్త్రి ఇట్లు చేయడు. అతడు మొదట వచ్చి ఊరకే చూచును. ఇంజను బాగుండగనే ఆపినారా, చెడిపోయి ఆగినదా యని అడుగును. పిదప ఇంజెక్టర్లను ఊడదీసి, ఆ రంధ్రముల గుండ ప్రతి సిలిండరులోను పలుచని నూనె పోసి, మూతవేసి ఇంటికి పోవును. మరునాడు వచ్చి మరికొంత పోయును. చూచువారికి ఇతడేమియు చేయుటలేదని తోచును. కాని నూనె తన పని తాను చేయుచుండును. కంటికి కనబడని సందులలోనికి ఇంకి, తుప్పుపట్టును వదలించుచుండును. కొన్ని దినములైన తరువాత మేస్త్రి చక్రముపై చేయి వేసి మెల్లగా త్రిప్పి చూచును. కదలకున్న విడిచిపెట్టును. మరల నూనె, మరల ఎదురుచూపు. ఒకనాడు చక్రము వెండ్రుకవాసి కదలును. అప్పుడతడు సంతోషించి బలముగా త్రోయడు. కదలిన కొంచెమును వెనుకకు త్రిప్పి, మరల ముందునకు త్రిప్పును. ఈ ముందువెనుకల కదలికలోనే దారి విస్తరించును.

ఈ లోపల మిగిలిన పనులు సాగును. కుళ్లిన డీజిలును పారబోయును. ఫిల్టరును, రబ్బరు చక్రమును మార్చును. పాత నూనెను తీసి క్రొత్తది పోయును. డీజిలు గొట్టములలోని గాలిని వెడలించును. ఇంధనమును అందనీయకుండ ఇంజనును పలుమార్లు త్రిప్పి, నూనె అన్ని బేరింగులకు చేరినదని గేజీ ముల్లు చెప్పిన పిదపనే మొదటిసారి ప్రాణము పోయును. ఇంజను దగ్గును, తెల్లని పొగ విడుచును. కొన్ని నిమిషములకే దానిని ఆపి, చేయి పెట్టి వేడి చూచి, చల్లబరచు నీరు బయటకు వచ్చుచున్నదో లేదో గమనించును. నాలుగు దినములు వట్టి పడవను నడిపిన తరువాతనే యాత్రికులను ఎక్కనిచ్చును.

ఇచట ఒక గృహస్థుని ఊహించుకొనవచ్చును. ముప్పది యేండ్లు నియమముతో ఇంట పెరుమాళ్లకు ఆరాధన చేసినవాడు. ఎదిగిన కుమారుడు అకాలమున కన్నుమూసెను. ఆనాటి నుండి ఆయన పూజగది గడప దాటలేదు. పండ్రెండేండ్లు గడచినవి. బంధువులకు ఆయన మంచి కోరుటలో లోపము లేదు. కాని వారు చేయునదేమి? “ఇంత చదివినవాడవు, నీకు మేము చెప్పవలెనా?” యని గద్దింతురు. ఒకనాడు పదిమందిని పిలిచి, పెద్ద హోమము తలపెట్టి, ఆయనను బలవంతముగా పీటపై కూర్చుండబెట్టుదురు. ఆయన మధ్యలోనే లేచిపోవును. ఇక మీదట తలుపు మరింత బిగియును. ఇనుపకడ్డీతో చక్రమును త్రిప్పినవారికి కలిగిన ఫలమే వారికిని కలుగును.

అదే ఇంట ఆయన ధర్మపత్ని ఏమియు అడుగదు. ఆమె దుఃఖము ఆయన దుఃఖము కంటె తక్కువది కాదు. అయినను ప్రతి ఉదయము పూజగది తుడిచి, దీపము వెలిగించి, తీర్థపాత్రను కడిగి ఎప్పటి చోటనే ఉంచును. ఏకాదశినాడు పెద్దగా గాక, తనకు మాత్రము వినబడునట్లు నామములు చెప్పుకొనును. పండ్రెండేండ్లును ఆమె చేసినది ఇంతే. ఒక తెల్లవారుజామున ఆమె జ్వరముతో లేవలేనప్పుడు, దీపము ఆరిపోవునేమోయని ఆయన గడప దాటి వత్తి ఎగద్రోయును. అంతమాత్రమే. ఆ దినమున అర్చన లేదు, మంత్రము లేదు. మరునాడు ఒక తులసిదళము. వెండ్రుకవాసి కదలిన చక్రమును త్రోయరాదని తెలిసిన ఆ తల్లి దానిని చూచియు చూడనట్లుండును. ఆమె పోసిన నూనె పని చేసినది.

కొందరికి ఆగిపోవుట అకస్మాత్తుగా వచ్చును. మరికొందరికి ముందుగనే తెలియును. అట్లు తెలిసినప్పుడు ఏమి చేయవలెనో చెప్పుటకు ఆఫ్రికా ఖండమున జరిగిన ఒక యథార్థ గాథ కలదు. జర్మనీ దేశములోని పాపెన్‌బుర్గ్ పట్టణమున 1913వ సంవత్సరములో ఒక ఆవిరి ఓడ నిర్మింపబడినది. దానిని భాగములుగా విడదీసి, పెట్టెలలో సర్ది, సముద్రము మీదుగా దారెస్సలామునకును, అచటి నుండి రైలులో టాంగన్యీకా సరస్సు తీరమందలి కిగోమాకును చేర్చి, మరల కూర్చి, 1915లో నీటిలోనికి దింపిరి. మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండెను. 1916 జూలైలో జర్మనులు ఆ తీరమును విడిచి వెనుదిరుగవలసి వచ్చినది. ఓడను శత్రువులకు చిక్కకుండ ముంచివేయవలెనని నిర్ణయమైనది.

దానిని కూర్చిన ఇంజనీర్లే దానిని ముంచవలసినవారైరి. వారు యంత్రములను పగులగొట్టియుండవచ్చును. అట్లు చేయలేదు. ఇంజను భాగములన్నింటికి దట్టముగా గ్రీజు పూసి, ఓడలో ఇసుక నింపి, మలగరాసి నది సరస్సులో కలియు చోటికి దగ్గరగా నెమ్మదిగా ముంచిరి. తుప్పు పుట్టుటకు నీరును ప్రాణవాయువును రెండును కావలెను. గ్రీజు ఆ రెంటిని ఉక్కును తాకనీయలేదు. మధ్యలో బెల్జియనులు ఒకసారి పైకి తీసినను ఓడ మరల మునిగినది. 1924 మార్చిలో బ్రిటిషువారు దానిని వెలికి తీసి చూడగా యంత్రములు ఇంకను పనికివచ్చు స్థితిలోనే యుండెను. 1927లో అది “లియెంబా” యను క్రొత్త పేరుతో మరల ప్రయాణము సాగించినది. ఆ ఆవిరి యంత్రములు 1970వ దశకము వరకు పనిచేసినవి. ఆ తరువాత డీజిలు ఇంజనులతో ఆ ఓడయే దశాబ్దములు నడచినది. 2015లో బురుండి దేశపు కల్లోలమునకు భయపడి కగుంగా తీరమునకు చేరిన వేలాది శరణార్థులను కిగోమాకు దాటించినది ఈ ఓడయే.

గ్రీజు పూసినవారు తమ దేశమునకే ఓడ మరల దక్కునని ఆశించిరి. అది వారికి దక్కలేదు. కాని వారి జాగ్రత్త వ్యర్థమైనదా? వంద యేండ్లకు చేరువలో, వారు కలలోనైన ఊహింపని తల్లులు తమ బిడ్డలతో ఆ ఓడపై ప్రాణములు దక్కించుకొనిరి. ధర్మమార్గమున మొదలిడినది నశింపదను గీతావాక్యమునకు అర్థము, చేసినవాడు కోరినట్లే ఫలించునని కాదు. ఫలము ఎవరిదైనను, సత్కర్మ బీజము చెడదని. అందుచేత అనారోగ్యము వలననో, పరదేశవాసము వలననో నియమము ఆగవలసి వచ్చినవాడు కోపముతో, నిర్లక్ష్యముతో దానిని విడువరాదు. పారాయణ గ్రంథమును శుభ్రమైన వస్త్రమున చుట్టి, నమస్కరించి, చోటు తప్పకుండ ఉంచవలెను. ఒక్క నామమునైన నాలుకపై మిగుల్చుకొనవలెను. విడుచు తీరులోనే తిరిగివచ్చుట దాగియున్నది.

ఇందులకు గజేంద్రుని కథయే పరమ ప్రమాణము. పోతనామాత్యుని వలన తెలుగువారి ఇంటింట నిలిచిన ఆ గాథలో, మకరికి చిక్కిన ఏనుగు మొదట తన బలమునే నమ్మి చిరకాలము పెనగులాడెను. అది పూర్వజన్మమున ఇంద్రద్యుమ్నుడను విష్ణుభక్తుడైన రాజు. అగస్త్యుని శాపమున రాజ్యము పోయినది, మానవదేహము పోయినది, తాను ఎవరో కూడ మరపునకు వచ్చినది. కాని ఆనాడు నేర్చిన స్తుతి మాత్రము లోపల చెడక నిలిచి, బలము ఉడిగిన ఘడియలో పైకి లేచినది.

అట్లయిన తిరిగి మేల్కొనుట మనుజుని యత్నమా, భగవంతుని కృపయా? తల్లిని తానే కరచుకొను కోతిపిల్లను, తల్లియే నోట కరచి మోయు పిల్లికూనను ఉదాహరించి శ్రీవైష్ణవ పెద్దలు దీనిని విచారించిరి. పడవ ఇంజను ఆ విచారమును తీర్చదు గాని ఒక మాట చెప్పును. చక్రమును త్రిప్పు చేయి అవసరమే. కాని బిగిసిన చోట చేయి ఎంత త్రిప్పినను కదలిక రాదు. నూనెను ఇంజను తనలో తాను పుట్టించుకొనలేదు. అది పైనుండి పోయవలసినదే. ఇంకువరకు ఓర్చి యుండుటయు, ఇంకిన పిదప చేయి కదపుటయు సాధకుని వంతు.

“తిరిగి వచ్చుట నిశ్చయమైనచో ఇప్పుడు మానిన నష్టమేమి?” యని ఎవరైన అడుగవచ్చును. నష్టము కలదు. రేవులో పడవ ఆగిన అయిదేండ్లును ఆవలి గట్టున ఎదురుచూచినవారున్నారు. వారిని దాటింపని దినములు మరల రావు. ఇంజనులోని అన్ని భాగములును మిగులవు. ఎండిన రబ్బరును, కుళ్లిన ఇంధనమును విడువక తప్పదు. తిరిగి వచ్చువాడును పూర్వపు గర్వమును, “ఒకప్పుడు ఇంత చేసితిని” యను లెక్కను అట్లే పారవేయవలసియుండును. ముప్పది యేండ్ల ఆరాధనతో గాక, ఒక్క తులసిదళముతో మొదలిడవలెను.

కనుక మానివేసినవాని ఇంటికి పోవువారు ఇనుపకడ్డీతో గాక నూనెపాత్రతో పోవుదురు గాక. మానివేసినవాడు తన తుప్పును చూచి సిగ్గుపడక, ఈ సాయంకాలమే ఒక వత్తిని ఎగద్రోయును గాక. తొలినాడు కదలునది వెండ్రుకవాసియే కావచ్చును. ఆ కొంచెమునే ఓర్పుతో ముందునకును వెనుకకును త్రిప్పుచుండిన, మిగిలిన దారిని శ్రీనివాసుడే తెరచును.