మబ్బులో దాచిన మాట

ఆడవాళ్ళ రాతలు ట్రంకుపెట్టెల్లో చెదలు పట్టిపోవడం మనకు కొత్త కాదు. అందుకే క్లౌడ్‌ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. బల్లా బీరువా ఏదీ తనదంటూ లేని స్త్రీకి ఇంట్లో ఎవరూ తెరవని అర ఒకటి దొరికింది. నా పరిశోధన కోసం రికార్డు చేసిన ముసలమ్మల గొంతులు, పాత కంప్యూటర్ పాడైపోయినా, అక్కడ బతికే ఉన్నాయి.

అయితే ఆ అర తాళంచెవి ఎవరిది? పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ ఫోనుకి వస్తుంది. ఆ ఫోను చాలా ఇళ్ళలో భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉంటుంది. 2014లో హాలీవుడ్ నటీమణుల ఐక్లౌడ్ ఖాతాల్లోంచి సొంత ఫొటోలు దొంగిలించి లోకమంతా పంచితే, అసలలాంటివి ఎందుకు తీసుకున్నారని వాళ్ళనే నిలదీశారు. (ఈ ప్రశ్న మనకెంత పరిచయమో!) 2015కి ముందు జనం దాచుకున్న పాటల్ని పోగొట్టిన మైస్పేస్, 2019లో ఒక క్షమాపణతో సరిపెట్టింది.

మబ్బు అనే పేరే మాయ. అది నేలమీద, కరెంటు తాగే యంత్రాల గోదాం. 2022 నుంచి అమెజాన్‌వి హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

"ఇది నీ దగ్గరే ఉండనీ తల్లీ" అంది ఒక పెద్దావిడ, తన మొదటి పెళ్ళి సంగతి చెప్పి. సమ్మతి పత్రంలో ఆమె వేలిముద్ర ఉంది, నిజమే. కానీ ఆమె మనసులో "నీ దగ్గర" అంటే నా బీరువా. మళ్ళీ అడుగుదామంటే ఆమె లేదు. ఆ ఒక్క రికార్డింగ్‌ని రెండు హార్డ్‌డిస్కుల్లోనే ఉంచాను. రెండూ పాడైతే ఆ గొంతు ఇక ఉండదు. తెలిసే ఉంచాను.