నిప్పుల చుట్టు కూర్చున్నప్పుడు



గత క్రిస్మసు దినములలో నకరికల్లులో ఒక విశ్వాసి ఇంటికి మేమును భోజనమునకు పిలువబడితిమి. ఆ ఇంటి కుమారుడు విదేశములో ఉద్యోగము చేయుచు, సెలవులకు వచ్చి, చిన్ననాటి స్నేహితులను డాబామీదికి పిలిచెను. ఇటుకలు పేర్చి, బొగ్గులు రాజేసి, కారము ఉప్పు పట్టించిన మేకమాంసమును చువ్వలకు గుచ్చి కాల్చిరి. ఆ చీకులతోకూడ అతడు తాను తెచ్చిన ద్రాక్షసారాయి సీసాలను తెరచి, ఏ ముక్కకు ఏది రుచియో గ్లాసులలో కొంచెము కొంచెముగా పోసి చూపుచుండెను. అచ్చట అల్లరి లేదు, దుర్భాష లేదు. అతడు మమ్మును చూచి, "అయ్యగారూ, కానా పెండ్లిలో ప్రభువే ద్రాక్షారసం చేశాడు గదా! ఇంట్లో స్నేహితులతో కూర్చొని కాస్త రుచి చూస్తే పాపమా?" అని అడిగెను.

మేము జవాబు వెదకుకొనుచుండగా మరియొకటి జరిగెను. పిట్టగోడ ప్రక్కన ఒక సహోదరుడు కూర్చుండియుండెను. త్రాగుడువలన ఎకరము పొలము పోగొట్టుకొని, నాలుగేండ్ల క్రిందట ప్రార్థనతోను కన్నీళ్లతోను దానిని విడిచినవాడు. ఎవరో అతని చేతిలో గ్లాసు పెట్టి, "ఇది సారా కాదురా, ద్రాక్షరసమే. ఒక్క గుక్క" అనిరి. అతడు మా వైపు చూచెను. మేము చిరునవ్వు నవ్వి ఊరకుంటిమి. అతడు గ్లాసు క్రింద పెట్టి, భోజనము చేయకయే మెట్లు దిగిపోయెను. మరునాటి ఉదయము అతని భార్య వచ్చి, "ఈయన రాత్రి అన్నం తినకుండా వచ్చి తెల్లవార్లూ కూర్చున్నాడు. అక్కడ ఏం జరిగింది అయ్యగారూ?" అని అడిగినప్పుడు మాకు మాట రాలేదు. అందుచేత ఆ యౌవనుని ప్రశ్నను, ఆ తల్లి ప్రశ్నను కలిపి మీ యెదుట ఉంచుచున్నాము.

మొదట లేఖనమును దాచక చెప్పుకొందము. 104వ కీర్తన ద్రాక్షారసమును దేవుని ఈవులలో లెక్కించుచున్నది. కడుపు జబ్బు నిమిత్తము కొంచెము పుచ్చుకొమ్మని పౌలు తిమోతికి సలహా వ్రాసెను. కానాలోనిది పులియని రసమే అని కొందరందురు. అయితే ద్రాక్షరసమును కాచి పులియకుండ నిలువచేయు పద్ధతిని అమెరికాలో థామస్ వెల్చ్ అను ఆయన ప్రభురాత్రి భోజనముకొరకు కనుగొనినది 1869లో. అంతకుముందు ఉష్ణదేశమున రసము దానంతట అదే పులిసెడిది. తెల్లవారుజామున దింపిన తాటికల్లు మధ్యాహ్నమునకు ఎట్లు నురుగు కట్టునో మనకు తెలియును గదా!

అయితే అదే గ్రంథము నోవహు గుడారములోని సిగ్గును దాచలేదు. గిన్నెలో ఎఱ్ఱగా మెరయుదానిని చూడవద్దని సామెతలు 23వ అధ్యాయము హెచ్చరించుచున్నది. మరియు బట్టీపెట్టి తీసిన సారాయి అనేక శతాబ్దముల తరువాత వచ్చినది. కల్లులో మత్తు నూటికి నాలుగైదు పాళ్లుండును. ద్రాక్షసారాయిలో సుమారు 12. అంగడి బ్రాందీలో 42.8. కానా పేరు చెప్పి బ్రాందీ త్రాగుట లేఖనమును వంచుటయే. కొంచెమైతే ఆరోగ్యమనుటకును ఆధారము సన్నగిల్లినది. ఏ కొంచెమైనను నిరపాయమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించెను.

ఇంతవరకు వస్తువును తూచితిమి. ఇప్పుడు బల్లచుట్టు కూర్చున్నవారిని చూడవలెను. మన పూర్వికులకు ఈ ప్రశ్న మాంసము విషయమై వచ్చెను. జాతరలో గ్రామదేవతకు కోసిన పొట్టేలు మాంసమును పొరుగువారు ప్రేమతో పంపినప్పుడు తినవచ్చునా అని వారు తర్కించుకొనిరి. కొరింథు సంఘపు ప్రశ్నయు అదియే. విగ్రహము వట్టిదని పౌలు ఒప్పుకొనెను. తినువానికి స్వాతంత్ర్యము కలదనెను. అయినను తన భోజనమువలన సహోదరుడు పడిపోవునట్లయితే ఎన్నటికిని మాంసము ముట్టనని నిశ్చయించుకొనెను. రోమా పత్రిక 14వ అధ్యాయములో మాంసమును ద్రాక్షారసమును కలిపియే చెప్పెను.

"ఒక్కని బలహీనతకొరకు పదిమంది స్వాతంత్ర్యమును కట్టివేయుదురా?" అని అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. ఆ కుమారుడు తానున్న దేశములో, ఎవరికిని అభ్యంతరము లేనిచోట ఏమి చేయవలెనో తన మనస్సాక్షితో దేవునియెదుట తేల్చుకొనవలెను. మేము అతనికి న్యాయాధిపతులము కాము. కాని ఆ రాత్రి ఆ డాబామీద ఉన్నది "ఎవరో ఒకడు" కాడు. పేరుగలవాడు, మన గుడిలో మన ప్రక్కన కూర్చుండువాడు. మనకు ఒక గుక్క మానుట చిన్న నష్టము. అతనికి ఒక గుక్క త్రాగుట నాలుగేండ్ల విడుదల.

మన పల్లెలలో త్రాగుడు రుచి చూచుటతో ఆగలేదు. కూలి డబ్బును, పిల్లల అన్నమును మ్రింగినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనిన స్త్రీలు రోశమ్మగారితో కలిసి సారా అంగడిని మూయించినందున రాష్ట్రమంతట ఉద్యమము లేచెను. 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధము వచ్చెను. అది 1997లో సడలింపబడెను. చట్టము వచ్చును, పోవును. ఇంటిలో గిన్నె పట్టుకొని ఎదురుచూచు స్త్రీ మాత్రము ఎప్పుడును ఉన్నది. మన డాబామీది విందుకు ఆమె పిలువబడదు గాని, దాని వెల ఆమెయే చెల్లించును.

అయితే త్రాగనివారలారా, మనము అతిశయింపకుందము. ఆ రాత్రి మేము ఒక్క చుక్కయు ముట్టలేదు. అయినను తప్పిదము మాది. మర్యాదకు భయపడి నవ్వి ఊరకుంటిమి. గ్లాసు ముట్టనంతమాత్రమున ఎవడును నీతిమంతుడు కాడు.

యోహాను సువార్తలో బొగ్గుల మంటలు రెండున్నవి. మొదటిదానియొద్ద పేతురు చలి కాచుకొనుచు తన ప్రభువును ఎరుగననెను. రెండవది తిబెరియ సముద్రతీరమున. అచ్చట ప్రభువే నిప్పులమీద చేపలు కాల్చి, పడిపోయిన ఆ పేతురును భోజనమునకు పిలిచి, తిరిగి నిలువబెట్టెను. మన ఇండ్లలో మాంసము కాలునప్పుడెల్ల ఈ రెంటిలో ఏదో ఒక మంట మండుచుండును.

మేము ఆ సహోదరుని ఇంటికి పోయి క్షమాపణ వేడుకొంటిమి. అతడు చాలసేపు నేలచూపు చూచి, "ముక్కలైనా కాసిని పంపాల్సింది అయ్యగారూ" అని నవ్వెను. ఆ కుమారుడు తిరుగు ప్రయాణమునకు ముందు మరల బొగ్గులు రాజేసెను. ఈసారి మొదట పిలిచినది అతనిని, అతని భార్యను. గ్లాసులలో మజ్జిగయు నిమ్మకాయ నీళ్లును పోసిరి. చీకులకు రుచి తక్కువైనదని ఎవరును అనలేదు.

అట్టి భోజనపు బల్లలను ప్రభువు మన ఇండ్లలో దయచేయును గాక. ఆమేన్.