ఎంచే కన్ను

ఒక మనిషి ఏమవుతాడో ముందే తేల్చే హక్కు ఇంకొకరికి ఉందా? మదనపల్లెలో పుట్టి, బడిలో మందబుద్ధి అనిపించుకున్న జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారు తీరాన చూసి, రాబోయే జగద్గురువు ఇతడేనన్నాడు దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్. ఐస్ హాకీ క్లబ్బులు ఏటా డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో, పద్దెనిమిదేళ్ల ఈడు పిల్లలకు వరస కట్టడమూ అలాంటి జోస్యమే. అందులో డిఫెండర్‌తో చిక్కు మరీ ఎక్కువ. అతని గొప్పతనం పడకుండా ఆగిన గోల్‌లో ఉంటుంది, జరగనిదాన్ని లెక్కించేదెలా? స్వీడన్ కుర్రాడు నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ను 1989లో 53వ పేరుగా తీసుకున్నారు. ఉత్తమ డిఫెండర్‌కిచ్చే నోరిస్ ట్రోఫీని అతను ఏడుసార్లు గెలిచాడు. ఎంచినవారు తెలివితక్కువవారేం కాదు; ఒడ్డూపొడుగూ, వేగం కంటికి ఆనుతాయి, మనసు ఎదిగే తీరు ఆనదు.

లెడ్‌బీటర్ మాట ఫలించింది కదా అనవచ్చు. కానీ తన చుట్టూ కట్టిన నక్షత్ర సంఘాన్ని 1929లో రద్దు చేసి, గురుపీఠాన్ని కాదన్నాకే కృష్ణమూర్తి కృష్ణమూర్తి అయ్యాడు. ఎంచకుండా జట్టు కట్టలేం, నిజమే. అయితే అది అవసరం కొద్దీ వేసే అంచనా. దానికి నుదుటిరాత, పూర్వజన్మ సుకృతం అని పేరుపెట్టి మనిషి విలువగా మార్చడమే తప్పు. కలకడలోనైనా మదనపల్లెలోనైనా కబడ్డీ డిఫెండర్లను ఎంచే పెద్దలు, ఈ ఏడు వద్దన్న పిల్లలను వచ్చే ఏడు మళ్లీ పిలిచి చూడాలి.