స్టీరింగు ముందు కునుకు

కైకలూరు, ఆకివీడుల్లో చేపలను ఐసులో పేర్చుకొని లారీ బయలుదేరిందంటే అస్సాం చేరేవరకు డ్రైవరుకు మనశ్శాంతి ఉండదు. ఐసు కరిగితే సరుకు పాడవుతుంది. ఆలస్యమైతే కిరాయిలో కోత పడుతుంది. ఇలాంటి దూరప్రయాణాల్లో మన సోదరులు కూడా ఎందరో ఉన్నారు. హలాల్ సంపాదన కోసం రోజుల తరబడి ఇల్లు వదిలి పడే వారి శ్రమను అల్లాహ్ స్వీకరించుగాక! అయితే నిద్ర ఆపుకోవడం మగతనమనీ, మధ్యలో బండి ఆపడం చేతకానితనమనీ మనలో ఒక అపోహ పాతుకుపోయింది.

హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసంతో, రాత్రంతా నమాజుతో గడుపుతున్నారని తెలిసి దైవప్రవక్త (స) వారించారు. శరీరానికీ, కళ్ళకూ, భార్యకూ ఆయనపై హక్కులున్నాయని గుర్తుచేశారు. నమాజులో కునుకు వస్తే ముందు పడుకొని, మత్తు వదిలాక నమాజు చేసుకోమన్నారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. నిద్రమత్తులో మనిషి క్షమాపణ వేడుకోబోయి తనను తానే తిట్టుకోవచ్చునట!

ఆలోచించండి. అక్కడ తడబడేది నాలుక. ఇక్కడ తడబడేది టన్నుల బరువున్న లారీ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. మూడు సెకన్లు రెప్పవాలితే 50 మీటర్ల దూరం ఆ బండిని నడిపేవాడే లేడన్నమాట. ఎదురుగా ఆటోలో వస్తున్న పిల్లల ప్రాణాలకు రేపు అల్లాహ్ సన్నిధిలో మనం ఏం జవాబు చెప్పుకుంటాం?

"అల్లాహ్ మీద భారం వేశాం" అంటారు కొందరు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత భారం వేయమన్నది ప్రవక్త (స) బోధ. కిటికీ తెరవడం, పాటలు పెంచడం ఒంటెను కట్టడం కాదు. టీ కూడా తాగిన అరగంటకు గానీ పూర్తిగా పనిచేయదు, నిద్ర బాకీని అది తీర్చదు. ఇక మేలుకోవడానికని మత్తు పదార్థాలు వాడేవారి సంగతి చెప్పనక్కరలేదు, అది హరామ్.

తెల్లవారుజామున రెండు నుంచి ఆరు వరకు, మళ్ళీ మధ్యాహ్న భోజనం తర్వాత నిద్ర ఎక్కువగా ముంచుకొస్తుంది. ఖైలూలా మనకు సున్నతే కదా! ఇరవై నిమిషాలు నడుం వాల్చి, లేచాక మొహం కడుక్కొని కాసేపు నడిచి అప్పుడు బండి తీయాలి. రాత్రి పోయిన నిద్రకు మాత్రం ఇది బదులు కాదు. 1961లో తెచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం కూడా ఐదు గంటల పనికి మించకుండా అరగంట విశ్రాంతి ఉండాలని అప్పట్లోనే విధించింది. యజమానుల్లోనూ మన సోదరులున్నారు. ఆగిన అరగంటకు కిరాయి కోసేవారు తమ లెక్క కూడా చూసుకోవాలి.

ఖైబర్ నుంచి తిరిగి వస్తూ రాత్రంతా నడిచిన ప్రవక్త (స) నిద్ర ముంచుకురాగానే బిడారును ఆపారు. ఫజ్ర్‌కు లేపమని హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించారు. ఆయనా నిద్రలోకి జారుకున్నారు, ఎండ తగిలాకే అందరికీ మెలకువ వచ్చింది. అప్పుడు నమాజు నెరవేర్చారు. ఆ తప్పిదానికి ఎవరినీ నిందించలేదు. రాత్రిపూట మజిలీ చేసేటప్పుడు దారి మీద కాక పక్కకు తప్పుకోమని కూడా ఆయన బోధించారు. హైవే అంచున లైట్లు ఆర్పి పడుకునేవారు ఈ మాట మరీ వినాలి.

ఇంట్లో ఉన్న తల్లులకు, భార్యలకు ఒక మాట. ఆయన గట్టిగా గురకపెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్లై ఉలిక్కిపడి లేస్తుంటే, పగలు కూర్చున్నచోటే తూగుతుంటే డాక్టరుకు చూపించండి. అది నిద్రను లోపలి నుంచి తినేసే జబ్బు, దానికి చికిత్స ఉంది. పండుగకు ముందురోజు "ఎక్కడి దాకా వచ్చారు?" అని గంటకోసారి ఫోను చేయకండి. "నిద్రొస్తోంది, ఒంగోలు దగ్గర ఆపేశాను, నమాజుకు అందుకోలేనేమో" అని ఆయనే చేస్తే, పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి. "పడుకోండి, లేచాక చేయండి" అని పెట్టేయండి. సేమియా సాయంత్రం దాకా ఉంటుంది.