నొప్పికి సాక్ష్యం

హాస్టల్లో మా రూమ్మేట్ ఒకమ్మాయి నెలకి రెండు రోజులు మంచం దిగేది కాదు. నా వేడినీళ్ల బ్యాగు పొట్టకి అదుముకుని గోడవైపు తిరిగి పడుకునేది. మేమంతా ఆడపిల్లలమే. అయినా "అందరికీ వచ్చేదేగా, దీనికింత సీనా" అనుకున్నాం. అన్నాం కూడా. చాలా ఏళ్లకి లాప్రోస్కోపీ చేసి ఎండోమెట్రియోసిస్ అన్నారు. ఆ రిపోర్టు ఫోటో తీసి మా గ్రూపులో పెట్టింది. కింద ఒకటే మాట: "ఇప్పుడు నమ్ముతారా?"

అందరం హార్ట్ ఎమోజీలు పెట్టాం. జవాబు ఎవరూ చెప్పలేదు.

గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరగడం ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం, అంటే 19 కోట్ల మందికి ఉంది. దశాబ్దాల పాటు, పొట్టకి గాటు పెట్టి కెమెరాతో చూస్తేనే ఇది ఉన్నట్టు లెక్క. నొప్పి నిజమని ఒప్పించడానికి మత్తు తీసుకుని బల్లెక్కాలన్నమాట.

ఇప్పుడు కోత లేని దారులు వస్తున్నాయి. స్కానింగ్, ఎమ్మారై చాక్లెట్ సిస్టుల్ని, లోతుగా పాతుకున్నవాటిని బాగానే పడతాయి. పైపైన ఉండే చిన్న మచ్చలే దొరకవు. ఫ్రాన్స్‌లో జివిగ్ అనే కంపెనీ ఉమ్మిలోని 109 మైక్రో ఆర్‌ఎన్‌ఏలను చదివి చెప్పే పరీక్ష తెచ్చింది. ఉమ్మి ఇవ్వడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఈ జబ్బుకి మేలైన స్కాన్ యోని ద్వారా చేసేది. పుస్తకాల ప్రకారం అదీ కోత లేనిదే. మన దగ్గర మాత్రం దానికి ముందు "పెళ్లయిందా?" అనే ప్రశ్న ఉంటుంది. కాలేదంటే చాలాసార్లు పొట్ట మీంచే చూసి పంపేస్తారు. చొరబాటు కత్తితోనే జరగాలనేం లేదు.

అయినా నాకో భయం. ఆ పరీక్ష లేదని చెబితే? ఈ జబ్బు ఎంత వ్యాపించిందో నొప్పి అంతే ఉండాలని లేదు. చిన్న మచ్చలతో విలవిల్లాడేవాళ్లున్నారు, బాగా ముదిరినా ఏమీ తెలియనివాళ్లున్నారు. పరీక్ష కొలిచేది జబ్బుని, నొప్పిని కాదు. మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో రాసిన పుస్తకంలో, ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి మాటకి విలువ తగ్గించడం కూడా ఒక అన్యాయమే అంటుంది. మనిషి మాట నమ్మకుండా ఆమె ఉమ్మిని నమ్మితే ఆ అన్యాయం పోయినట్టేనా?

అందుకే 2022లో యూరప్ పునరుత్పత్తి వైద్యుల సంఘం, ఎష్రే, ఇచ్చిన మార్గదర్శకాలు నాకు ఉమ్మి పరీక్ష కంటే పెద్ద మార్పు అనిపిస్తాయి. స్కాన్ బాగున్నంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దని, లక్షణాల్ని బట్టి ముందు మందులు మొదలుపెట్టొచ్చని చెప్పాయి.

చెప్పిందల్లా నమ్మితే తప్పుడు మందులు పడవా అంటారు. పడొచ్చు. పేగుల జబ్బూ ఇలాగే నొప్పి పెడుతుంది. డాక్టరు అనుమానించాలి, తప్పదు. కానీ అనుమానించాల్సింది కారణాన్ని, నొప్పిని కాదు. ఇక మేం డాక్టర్లం కూడా కాదు. పక్క మంచం వాళ్లం. మాకే రిపోర్టు కావాల్సొచ్చింది?

మొన్న తనకి విడిగా మెసేజ్ పెట్టాను, అప్పుడే నమ్మాల్సిందని. కాసేపటికి జవాబొచ్చింది: "నీ వేడినీళ్ల బ్యాగు ఇంకా నా దగ్గరే ఉందే."