స్వామికి ఒక్క చెంచా చాలు: తేనెటీగ నేర్పిన పాఠం

 

ఈ వారం వీడియోలో అవధూతగారి ఇరవై నలుగురు గురువుల గురించి చెప్పుకున్నాం కదా. తేనెటీగ దగ్గరకు వచ్చేసరికి నా గొంతు కొంచెం తడబడింది. కెమెరా ముందు చెప్పలేకపోయిన కారణం ఇక్కడ రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. హైదరాబాద్‌లో మా డాబా మీద కుండీల్లో కాకర, దోస పాదులు పెంచుతాం. పూలు విరగబూసేవి, పిందెలు మాత్రం పసుపు రంగుకు తిరిగి రాలిపోయేవి. మగపువ్వు నుంచి ఆడపువ్వుకు పుప్పొడి మోసే జీవి లేకపోతే అంతేనట. అందుకని రెండేళ్ల క్రితం దేశవాళీ తేనెటీగల పెట్టె ఒకటి తెచ్చి నీడలో పెట్టాను. చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, పక్కనే గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లెం. మా కాకర పిందెలు నిలిచాయి. పక్కింటి మునగ కూడా బాగా కాసిందని వాళ్లే వచ్చి చెప్పారు.

వేప, కానుగ పూతలు అయిపోయాక పెట్టె తెరిచాను. పెట్టెలో కింది గది పిల్లలది, పై గది తేనెది. కింది గది జోలికి పోవద్దు, పైన కూడా కొంత వాటికి వదిలెయ్యమని నేర్పినాయన ముందే చెప్పారు. కానీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది. పంచామృతంలోకి మన సొంత తేనె, వచ్చిన ప్రతి చుట్టానికీ ఒక సీసా! "స్వామికే కదా" అనుకుని పైదంతా తీశాను. కింది గది అంచుల్లో ఉన్నదీ కోశాను.

"అంతా తీసేశావేంట్రా, వాటికేం మిగిల్చావు?" అంది నాయనమ్మ.

"మళ్లీ తెచ్చుకుంటాయిలే నాయనమ్మా."

తెచ్చుకోలేదు. వానలు పట్టుకున్నాయి. బయటికి వెళ్లే వీలు లేదు, వెళ్లినా పూలు లేవు. జులైలో ఒక పొద్దున పెట్టె దగ్గర చప్పుడే లేదు. మన దేశవాళీ తేనెటీగ స్వభావం అది, తిండి కరువైతే గూడు వదిలి గుంపుగా వెళ్లిపోతుంది. లోపల ఖాళీ మైనపు పట్లు మిగిలాయి. ఇంట్లో అల్మారాలో మాత్రం పంచగా మిగిలిన మూడు సీసాలున్నాయి.

ఆ రాత్రి భాగవతం ఏకాదశ స్కంధం మళ్లీ చదివాను. యదు మహారాజుకు అవధూత చెప్పిన మాటల్ని కృష్ణుడు ఉద్ధవుడికి వినిపిస్తాడు. తేనెటీగలా ఇల్లిల్లూ తిరిగి కొంచెం కొంచెం తీసుకోవాలి, ఏ ఇంటినీ నొప్పించకూడదు అంటాడు అవధూత. అతిగా కూడబెడితే ఆ కూడబెట్టినదాంతోనే నశిస్తామనీ హెచ్చరిస్తాడు.

"ఇంటిని నొప్పించకుండా" అన్న దగ్గర ఆగిపోయాను. తేనెటీగ పువ్వులో తేనె తీసుకుంటుంది, పువ్వు వాడిపోదు. పైగా దానికి పిందె కట్టే భాగ్యం ఇచ్చి వెళుతుంది. ఒక ఈగ తన బతుకంతా తిరిగి తెచ్చే తేనె ఒక చెంచాడు కూడా ఉండదు. అలాంటి వేల బతుకుల కష్టాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో ఊడ్చేశాను. ఇల్లు నొచ్చుకుంది, ఖాళీ అయింది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. అభిషేకానికి పట్టిన తేనె ఒక్క చెంచా. మిగతాదంతా నా ఆశే. దానికి స్వామి పేరు పెట్టుకున్నాను.

మనం ఇంట్లోనూ ఇలాగే చేస్తాం. అమ్మ ఓపికనంతా తీసేసుకుంటాం, నాన్న దాచుకున్నదంతా అడిగేస్తాం, "మన కోసమే కదా" అంటాం. వాళ్ల వానాకాలానికి ఏం మిగిలిందో చూడం. దేన్నైనా తీసుకునే ముందు నాయనమ్మ ప్రశ్న ఒక్కసారి వేసుకుందాం: వాళ్లకేం మిగిల్చాం? నా మటుకు నాకు ఇప్పుడు అదే జపం.

ఈ ఏడు కొత్త గుంపు వచ్చింది. పై గదిలోంచి ఒక్క చిన్న సీసా తీసి, మూత పెట్టేశాను. వానలు మొదలయ్యాయి. రోజూ పొద్దున్నే పెట్టెకు చెవి ఆనించి వింటున్నాను. లోపల ఝుంకారం వినిపిస్తోంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.