వరిమడుల మధ్య ఏడు కిరీటాలు

ఇటలీ అనగానే మనకు వరిచేలు గుర్తుకు రావు. కానీ ఉత్తరాన వెర్చెల్లి అనే చిన్న పట్నం చుట్టూ, నాట్ల రోజుల్లో మన కోనసీమలో లాగే మడులు నీళ్లతో తళతళలాడతాయి. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ప్రో వెర్చెల్లి. ఇప్పుడు ఆడేది మూడో అంచెలో. 1908, 1922 మధ్య మాత్రం ఏడుసార్లు దేశ విజేత!

ఇంకొకటి 1910లో చేజారింది. ఇంటర్ మిలన్‌తో తుది పోరు రోజునే కొందరు ఆటగాళ్లు సైనిక పోటీకి వెళ్లాలి. వాయిదా వేయమన్నారు, కుదరదన్నారు. ఒళ్లు మండి పిల్లల జట్టును బరిలోకి దింపారు. చిత్తుగా ఓడారు. పంతమంటే అదీ! నాకైతే ఆ ఏడు గెలుపుల కన్నా ఈ ఓటమే ముద్దొస్తుంది.

తర్వాత డబ్బున్న నగరాలు మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోయాయి. 1935లో పై అంచె నుంచి దిగిన జట్టు మళ్లీ అక్కడికి ఎక్కలేదు. ఇక్కడ ఆట నేర్చిన సిల్వియో పియోలా లాజియోకు వెళ్లి, 1938 ప్రపంచకప్ ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు. ఊరి స్టేడియానికి ఇప్పుడు అతని పేరే. తెల్లచొక్కాల కుర్రాళ్లు అక్కడే ఆడుతున్నారు.